పార్టీ వేరైనా పలకరింపు పోకూడదు



వార్షిక సంచికలో రాజకీయాల ప్రస్తావన ఎందుకని కొందరు అనుకోవచ్చు. మేము ఇక్కడ ఏ పార్టీని మెచ్చుకోబోవడం లేదు, ఏ పార్టీని తప్పుపట్టబోవడమూ లేదు. మన దాతల్లో ఎక్కువమంది ఉద్యోగులు, ఉపాధ్యాయులు, దుకాణదారులు. రోజుకు ఎనిమిది గంటలు మరో మనిషి పక్కన కూర్చుని పనిచేసేవారే. ఆ పక్క మనిషిది మనకు నచ్చని పార్టీ అయినప్పుడు మాట ఎలా నిలబెట్టుకోవాలి అన్నదే ఈ వ్యాసం. ఇది చిన్న విషయమని మేమూ ఒకప్పుడు అనుకున్నాం. కింద చెప్పబోయే సంగతి చూశాక ఆ అభిప్రాయం మార్చుకున్నాం.

ఒక క్యారేజీ కథ

మాకు తెలిసిన ఒక కార్యాలయంలో ఇద్దరు సీనియర్ అసిస్టెంట్లు పద్నాలుగేళ్లుగా పక్కపక్క టేబుళ్ల మీద పనిచేస్తున్నారు. ఒకరు మన సోదరుడు, తెలుగుదేశం అభిమాని. రెండోవారు ఆయనకంటే నాలుగేళ్లు పెద్ద, వైసీపీ అభిమాని. ఆయన ఈయనను ‘భాయ్’ అంటారు, ఈయన ఆయనను ‘అన్నా’ అంటారు. ఒకరు సెలవు పెడితే ఆ ఫైళ్లు రెండోవారు చూసేవారు. సంక్రాంతికి అన్న ఇంటి నుంచి అరిసెల డబ్బా వచ్చేది. బక్రీద్‌కు భాయ్ ఇంటి నుంచి బిర్యానీ క్యారేజీ వెళ్లేది.

2019 మే 23న ఫలితాలు వచ్చాయి. తెలుగుదేశానికి 23 సీట్లు. ఇరవై మూడో తేదీన ఇరవై మూడు సీట్లంటూ అన్న ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వేళాకోళం పెట్టారు. భాయ్ ఏమీ అనలేదు, కానీ మరిచిపోనూ లేదు. అయిదేళ్లు గడిచాయి. 2024 జూన్ 4న వైసీపీకి 11 సీట్లు వచ్చాయి. ‘వై నాట్ 175’ అన్నవారికి పదకొండు చాలా అంటూ భాయ్ అదే గ్రూపులో నవ్వు బొమ్మలతో వరసగా ఏడెనిమిది పోస్టులు పెట్టారు. ఆ గ్రూపులో అధికారులున్నారు, అటెండర్లున్నారు, కొత్తగా చేరిన పిల్లలున్నారు. మధ్యాహ్నానికి అన్న గ్రూపులోంచి వెళ్లిపోయారు. మర్నాడు తన టేబుల్‌ను కిటికీ వైపు జరిపించుకున్నారు.

పదమూడు రోజుల తర్వాత, జూన్ 17న, బక్రీద్. బిర్యానీ దించాక భాయ్ భార్య ఎప్పటిలాగే క్యారేజీ కడిగి పెట్టి, ‘అన్నావాళ్లకు పంపనా?’ అని అడిగారట. ఆయన జవాబు చెప్పలేదు. ఆ క్యారేజీ ఖాళీగానే అల్మరాలోకి వెళ్లింది. ‘నేను గెలిచాననుకున్న రోజున పోగొట్టుకున్నది ఆ క్యారేజీ పంపే ఇల్లు’ అని ఆయనే తర్వాత మాతో అన్నారు. ఆ కథ చివరకు ఏమైందో చివరలో చెబుతాం. అంతకుముందు ఇలాంటి తెగుదల ఎందుకు వస్తుందో, దాన్ని ఎలా ఆపుకోవచ్చో చూద్దాం.

సీట్లు వేరు, మనుషులు వేరు

ఫలితాల రోజున టీవీలో కనిపించేవి సీట్లు. ఆఫీసులో కూర్చుని ఉండేది ఓటర్లు. ఈ రెండు లెక్కలు ఒకటి కావు.

2019లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 175 సీట్లకు వైసీపీ 151 గెలిచింది, తెలుగుదేశం 23తో ఆగింది. చూసేవారికి తెలుగుదేశం తుడిచిపెట్టుకుపోయినట్టే కనిపించింది. కానీ ఆ పార్టీకి పడిన ఓట్లు దాదాపు 39 శాతం. 2024లో లెక్క తిరగబడింది. తెలుగుదేశం 135, జనసేన 21, బీజేపీ 8 గెలిచాయి, వైసీపీకి 11 మిగిలాయి. ఈసారి ఓడిన వైసీపీకి పడిన ఓట్లు కూడా దాదాపు 39 శాతమే. అంటే రెండు ఎన్నికల్లోనూ ‘చిత్తుగా’ ఓడిన పార్టీ వెనుక పదిమందిలో నలుగురు నిలబడే ఉన్నారు.

తెలంగాణలోనూ ఇంతే. 2023 డిసెంబరు 3న వచ్చిన ఫలితాల్లో కాంగ్రెస్‌కు 64 సీట్లు, బీఆర్‌ఎస్‌కు 39 సీట్లు. ఓట్లలో తేడా మాత్రం సుమారు రెండు శాతం.

పది టేబుళ్లున్న సెక్షన్‌లో నాలుగు టేబుళ్ల వారు ఓడిన పార్టీకి ఓటేసి ఉంటారు. వారు ఏ లోకం నుంచో ఊడిపడ్డవారు కారు. నిన్న మనకు సెలవు చీటీ మీద సంతకం పెట్టించినవారు, మొన్న మన పిల్లవాడి ఫీజుకు చేబదులు ఇచ్చినవారు. ఓడిన పార్టీని హేళన చేస్తూ పెట్టే పోస్టు నాయకుడి దాకా వెళ్లదు. అది తగిలేది ఆ నాలుగు టేబుళ్లకే.

మాట ఎక్కడ తెగుతుంది?

మేము గమనించినంతలో కారణాలు ముఖ్యంగా మూడు.

మొదటిది, వినేవారి సంఖ్య. టీ కొట్టు దగ్గర ఇద్దరి మధ్య అన్న మాటకు అక్కడికక్కడే సర్దుబాటు ఉంటుంది. ముఖం చూస్తాం, ఎదుటివారు నొచ్చుకున్నారని తెలుస్తుంది, ‘ఊరికే అన్నానులే అన్నా’ అంటాం. అదే మాట అరవైమంది ఉన్న గ్రూపులో పెడితే ఎదుటివారి ముఖం మనకు కనిపించదు, కానీ వారి పరువు అరవైమందికీ కనిపిస్తుంది. అప్పుడు వారు తప్పు ఒప్పుకోవాలన్నా ఒప్పుకోలేరు, నవ్వి ఊరుకోవాలన్నా ఊరుకోలేరు.

రెండోది, పార్టీ వెనుక ఉన్న బతుకు. ఒకరికి ఆ పార్టీ అంటే తమ్ముడి చదువును గట్టెక్కించిన ఫీజు రీయింబర్స్‌మెంట్. మరొకరికి ఈ పార్టీ అంటే కరువు రోజుల్లో ఇంటికి చేరిన కిలో రెండు రూపాయల బియ్యం. ఇంకొకరికి అమరావతికి ఇచ్చిన రెండెకరాల పొలం. మనం నాయకుడిని తిట్టామనుకుంటాం. వారికి మాత్రం తమ ఇంటి గడ్డురోజులను ఎగతాళి చేసినట్టు వినిపిస్తుంది.

మూడోది, నాయకుల పగను మన పగ చేసుకోవడం. చంద్రబాబు నాయుడు గారు, రాజశేఖర రెడ్డి గారు ఇద్దరూ తొలిసారి అసెంబ్లీలో అడుగుపెట్టింది 1978లోనే. తొలినాళ్లలో వారిద్దరూ మిత్రులన్నది అందరికీ తెలిసిన సంగతి. పార్టీలు మారిన నాయకుల పేర్లు రాస్తే ఈ సంచిక చాలదు. 2014 తర్వాత ఒక్క వైసీపీ నుంచే 23 మంది శాసనసభ్యులు అవతలి వైపు వెళ్లారు. నాయకులు రాత్రికి రాత్రి కండువా మార్చుకుని పొద్దున్నే కావలించుకుంటారు. మన పక్క టేబుల్ వారు మాత్రం 62 ఏళ్లకు రిటైరయ్యేదాకా పక్కనే ఉంటారు.

చట్టం ఏమంటుంది?

చర్చకు దిగేముందు కొన్ని హద్దులు తెలుసుకోవడం మంచిది. ఇవి మన రక్షణకే.

ఎవరికి ఓటేశారన్నది రహస్యం. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 94వ సెక్షన్ ప్రకారం సాధారణ ఎన్నికల్లో ఫలానా వారికి ఓటేశానని చెప్పాల్సిందిగా సాక్షిని సైతం నిర్బంధించడానికి వీల్లేదు. కోర్టు కూడా అడగని ప్రశ్నను మనం క్యాంటీన్‌లో అడగడం ఏమంత మర్యాద? ‘ఎవరికేశావు?’ అన్నది చాలామంది సరదాగా అడిగే ప్రశ్న. జవాబు చెప్పలేక నసిగేవారికి అది సరదా కాదు.

ప్రభుత్వ ఉద్యోగులు రాజకీయ కార్యకలాపాల్లో పాల్గొనకూడదని 1964 నాటి ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి చెబుతోంది. ప్రభుత్వోద్యోగి అభ్యర్థికి పోలింగ్ ఏజెంటుగానో కౌంటింగ్ ఏజెంటుగానో పనిచేస్తే మూడు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చని అదే 1951 చట్టంలోని 134ఎ సెక్షన్ అంటోంది. ఓటు వేయడం, మనసులో అభిప్రాయం ఉంచుకోవడం ఎవరూ కాదనలేని హక్కు. ఆఫీసు గ్రూపులో పార్టీ పోస్టులు పెట్టడం అలాంటిది కాదు. ఈ లెక్కన పైన చెప్పిన ఇద్దరు మిత్రులూ స్నేహాన్నే కాదు, ఉద్యోగాన్నీ పణంగా పెట్టారు.

మరో హద్దు ఏ పుస్తకంలోనూ ఉండదు, కానీ ముఖ్యమైనది. పైఅధికారి కింది ఉద్యోగితో రాజకీయాలు మాట్లాడితే అది సమానుల చర్చ కాదు. ‘అవును సార్’ అనడం తప్ప అవతలివారికి దారి లేదు. దుకాణం యజమానికి, గుమాస్తాకు మధ్య కూడా అంతే. మన దాతల్లో యజమానులు చాలామంది ఉన్నారు. మీ దగ్గర పనిచేసే కుర్రవాడు మీ పార్టీని మెచ్చుకున్నాడంటే, అది అతని అభిప్రాయమా, జీతం మీద భయమా అని ఒక్కసారి ఆలోచించండి. అలాంటి చోట పెద్దవారు మౌనంగా ఉండటమే పెద్దరికం.

మూడు సంచులుగా విడదీయండి

రాజకీయ వాదన వేడెక్కడానికి పెద్ద కారణం మూడు వేర్వేరు సంగతులను కలిపేయడం. జరిగింది ఒక సంచి. జరిగినదాని మీద మన అభిప్రాయం రెండో సంచి. నాయకుడి మీద అభిమానం మూడో సంచి.

పింఛను సంగతే తీసుకోండి. టీ కొట్టు దగ్గర రోజూ వినిపించే గొడవ ఇది. ‘పింఛను పెంచింది మేమే’ అని ఇద్దరూ అంటారు. తేదీలు పక్కపక్కన పెట్టి చూద్దాం. రాజశేఖర రెడ్డి గారి హయాంలో వృద్ధాప్య పింఛను 200 రూపాయలు. 2014లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని 1000 చేసింది, 2019 ఎన్నికలకు కొద్ది నెలల ముందు 2000 చేసింది. 2019లో వచ్చిన జగన్ ప్రభుత్వం 2250తో మొదలుపెట్టి విడతల వారీగా పెంచి 2024 జనవరి నాటికి 3000 చేసింది, వలంటీర్ల చేత ఇంటి గుమ్మం దగ్గరే ఇప్పించింది. 2024 జూలై 1 నుంచి కూటమి ప్రభుత్వం 4000 ఇస్తోంది.

ఇప్పుడు చూడండి. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరికి వారు తమ వైపు మెట్లు మాత్రమే లెక్కపెడుతున్నారు. మొత్తం మెట్లు కాగితం మీద పెట్టాక ‘ఎవరు పెంచారు’ అన్న గొడవ ముగిసిపోతుంది. అప్పుడు అసలు చర్చ మొదలవుతుంది. ఇంత డబ్బు రాష్ట్రం ఎంతకాలం భరించగలదు? అర్హులెవరైనా జాబితాలోంచి పోయారా? ఇదే సొమ్ములో కొంత రోడ్లకు, బడులకు పెడితే మేలా? ఇవి అభిప్రాయాలు. వీటిలో ఇద్దరు మంచివారు రెండు రకాలుగా ఆలోచించవచ్చు, ఎవరూ ఓడిపోవలసిన పని లేదు.

మూడో సంచి, అంటే నాయకుడి మీద అభిమానం, దాన్ని విప్పకుండా ఉండటమే మేలు. అభిమానాన్ని వాదనతో పెంచలేం, తగ్గించలేం.

వచ్చిన కబురును నిర్ధారించుకోకుండా నమ్మవద్దని, ఒకరినొకరు ఎగతాళి చేయవద్దని, దుష్ట అనుమానాలకు పోవద్దని హుజురాత్ అధ్యాయం మనకు నేర్పుతుంది. జుమా రోజున విని తలూపుతాం. ఆ తలూపు ఫార్వర్డ్ బటన్ దగ్గర గుర్తుకురావాలి. మన పార్టీకి అనుకూలమైన కబురు వచ్చినప్పుడు నిర్ధారణ ఇంకా ఎక్కువ అవసరం, ఎందుకంటే దాన్ని నమ్మాలని మనకు ముందే కోరిక ఉంటుంది.

ఏ మాట అనాలి, ఏ మాట వద్దు?

సంగతి ఒకటే అయినా మాట తీరును బట్టి తలుపు తెరుచుకుంటుంది, లేదా మూసుకుంటుంది.

‘మీవాళ్లు రాష్ట్రాన్ని నాశనం చేశారు’ అంటే ఎదుటివారు కోటకట్టుకుంటారు. ‘మా వీధి రోడ్డు అయిదేళ్లుగా అలాగే ఉందన్నా, నాకు అదే బాధ’ అంటే వారు తమ వీధి సంగతి చెబుతారు. మొదటిది తీర్పు, రెండోది మన అనుభవం. అనుభవాన్ని ఎవరూ కొట్టిపారేయలేరు.

‘నీకేం తెలుసు?’ బదులు ‘మీకు అలా ఎందుకనిపించింది?’ అనండి. ఈ రెండో ప్రశ్న నిజంగా తెలుసుకోవాలని అడగాలి, ఇరికించడానికి కాదు. ఇరికించే ప్రశ్నను ఎదుటివారు మన గొంతులోనే పట్టేస్తారు.

మన పార్టీ చేసిన పొరపాటు ఒకటైనా ముందుగా ఒప్పుకోండి. ‘సీపీఎస్ వారంలో రద్దు చేస్తామన్నారు, చేయలేకపోయారు, అది మాకూ బాధే’ అని ఒక వైసీపీ అభిమాని అంటే, ‘మావాళ్లు ఆ పని మొదలైనా పెట్టలేదుగా’ అని తెలుగుదేశం అభిమాని అనడం మేము చెవులారా విన్నాం. పాత పింఛను కోసం ఎదురుచూస్తున్న ఉద్యోగులే ఇద్దరూ. ఆ ఒక్క ఒప్పుకోలుతో వారు ఎదురెదురు బల్లల నుంచి ఒకే బల్లకు వచ్చారు.

‘మీ కులం వాళ్లంతా అంతే’, ‘మీ ఊరి వాళ్లంతా అంతే’ అన్న మాటలు పూర్తిగా మానేయండి. మనల్ని ఎవరైనా ‘మీవాళ్లంతా’ అంటే ఎంత నొచ్చుకుంటామో మనకు తెలియనిది కాదు. ఉద్యోగం చేసే సోదరీమణులను ‘మీ ఆయన ఏ పార్టీ?’ అని అడిగి, అదే వారి పార్టీ అని తేల్చేయడమూ ఇలాంటిదే. ఆమె ఓటు ఆమెది.

గొంతు పెరుగుతోందని తెలియగానే ఆపడం కూడా ఒక విద్య. ‘ఈ సంగతిలో మనిద్దరికీ కుదరదులే అన్నా, టీ చల్లారిపోతోంది’ అంటే అది ఓటమి కాదు. రేపు మాట్లాడుకోవడానికి దారి మిగిలిందని అర్థం.

ఇక ఫలితాల రోజుకు ఒక్కటే నియమం. గెలిచినవారు ఆ రోజు, ఆ వారం ఏమీ అనకూడదు. సంతోషం ఇంట్లో పంచుకోండి. ఓడినవారి దగ్గరకు వెళ్లి మామూలుగా ఫైలు సంగతి మాట్లాడండి. ‘ఏమన్నా, ఆ బిల్లు పాసయిందా?’ అన్న మామూలు మాట ఆ రోజున వారికి ఎంత ఊరటో ఓడినవారికే తెలుస్తుంది.

విషయం మనదే అయినప్పుడు

ఇంతవరకు చెప్పినవి అందరికీ వర్తించేవి. కానీ కొన్నిసార్లు టేబుల్ మీదకు వచ్చే విషయం మన బతుకే అవుతుంది. రోడ్డు గురించి, పింఛను గురించి మాట్లాడినంత తేలికగా వాటి గురించి మాట్లాడలేం. అక్కడ మర్యాద అంటే మౌనం కాదు. తెలిసినది నిదానంగా చెప్పడం.

‘మీకు మతం పేరుతో రిజర్వేషన్ ఇచ్చేశారుగా?’ అని ఒకరు అడిగారనుకోండి. కోపం రావడం సహజం. కోపానికి బదులు వాస్తవాలు చెప్పవచ్చు. 2004లో, 2005లో ముస్లింలకు అయిదు శాతం ఇస్తూ చేసిన ప్రయత్నాలను హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత 2007లో సామాజికంగా, విద్యాపరంగా వెనకబడిన వర్గాలను గుర్తించి బీసీ-ఇ కింద నాలుగు శాతం ఇస్తూ చట్టం చేశారు. సయ్యద్, మొఘల్, పఠాన్ వంటి వర్గాలకు అందులో చోటు లేదు. దూదేకుల వారు అంతకుముందు నుంచే బీసీ-బిలో ఉన్నారు. 2010 ఫిబ్రవరిలో ఈ చట్టాన్నీ హైకోర్టు కొట్టేస్తే, మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతూ వచ్చింది. చట్టం తెచ్చింది రాజశేఖర రెడ్డి గారి ప్రభుత్వం. నాలుగు శాతం కొనసాగిస్తామని 2024 ప్రచారంలో చంద్రబాబు గారూ చెప్పారు.

ఇంత చెప్పాక కూడా ఎదుటివారు ఒప్పుకోకపోవచ్చు. రిజర్వేషన్లు ఆదాయాన్ని బట్టి ఉండాలని వారు అనవచ్చు. అది అభిప్రాయం, వారికి ఆ హక్కుంది. కానీ ‘ముస్లింలందరికీ ఇచ్చారు’ అన్న పొరపాటు మాత్రం సరిదిద్దినట్టవుతుంది. దాన్ని సరిదిద్దాల్సింది మనమే. మనం ముఖం తిప్పుకుని వెళ్లిపోతే వారికి అది ఇంకెవరు చెబుతారు?

‘మీవాళ్లంతా ఒకే పార్టీకి వేస్తారటగా?’ అన్న ప్రశ్నకు మన సంస్థ సభ్యుల జాబితాయే జవాబు. ఇందులో రెండు పార్టీల వారే కాదు, మూడో, నాలుగో పార్టీల వారూ ఉన్నారు. నవ్వుతూ ఈ మాట చెబితే చాలు.

ఒక హద్దు మాత్రం గట్టిగా చెప్పాలి. పార్టీని విమర్శించడం రాజకీయం. మనిషి మతాన్ని, కులాన్ని, తల్లినో చెల్లినో కించపరచడం రాజకీయం కాదు. అలాంటిది ఎదురైతే నలుగురిలో కేకలు వేయకుండా, ఆ మనిషిని పక్కకు పిలిచి, ‘ఈ మాట నాకు తగిలింది, మళ్లీ అనకండి’ అని సూటిగా చెప్పాలి. రెండోసారీ అదే జరిగితే తేదీతో సహా రాసిపెట్టుకుని అధికారి దృష్టికి తీసుకెళ్లాలి. సహనం పేరుతో అవమానాన్ని దిగమింగమని మేము ఎవరికీ చెప్పడం లేదు. అలాగే మనవారి నోటి నుంచి అలాంటి మాట వస్తే దాన్ని ముందుగా ఆపాల్సిందీ మనమే.

క్యారేజీ మళ్లీ ఎలా వెళ్లింది?

2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు పార్లమెంటు ఆమోదం పొంది చట్టమైంది. తెలుగుదేశం దానికి మద్దతిచ్చింది, వైసీపీ వ్యతిరేకించింది. మన సోదరుడికి అవి గడ్డు రోజులు. ఇంట్లో, మసీదు దగ్గర అందరూ ఆయననే అడిగారు, మీ పార్టీ ఏం చేసిందని. ఆఫీసుకు వెళ్తే ఏమవుతుందో ఆయన ఊహించుకున్నారు. తాను పెట్టిన ఏడెనిమిది పోస్టులకు అసలుతో, వడ్డీతో సహా బదులు తీర్చుకునే రోజు అన్నకు వచ్చిందనుకున్నారు.

అన్న మధ్యాహ్నం దాకా ఏమీ అనలేదు. భోజనాల వేళ సెక్షన్‌లో మరెవరూ లేనప్పుడు తన కుర్చీ లాక్కుని వచ్చి కూర్చున్నారు. ‘భాయ్, ఈ వక్ఫ్ అంటే అసలేంటి? టీవీలో ఒక్కొక్కరూ ఒక్కోలా చెబుతున్నారు. నువ్వు చెప్పు, నాకు అర్థమయ్యేలా’ అన్నారు. పది నెలల తర్వాత వారి మధ్య ఫైలు సంగతి కాని మొదటి మాట అది.

భాయ్ చెప్పారు. మసీదుకో, శ్మశానానికో, పేదల చదువుకో దేవుడి పేరిట శాశ్వతంగా విడిచిపెట్టిన ఆస్తి వక్ఫ్ అన్నారు. 1995 చట్టానికి ఇవి సవరణలన్నారు. బోర్డుల్లో ముస్లిమేతర సభ్యులను పెట్టడం, వక్ఫ్ చేసే వ్యక్తి అయిదేళ్లుగా ఇస్లాంను పాటిస్తున్నట్టు చూపాలనడం, ప్రభుత్వ భూమి వివాదాల్లో అధికారికి ఇచ్చిన అధికారం, వీటి మీద మావాళ్లకు భయాలున్నాయన్నారు. బోర్డుల్లో అక్రమాలు జరిగిన మాటా నిజమే, వాటిని సరిదిద్దాలని మాలోనూ చాలామంది అంటారన్నారు. చివరకు, ‘మా పార్టీ దీనికి ఓటేయడం నాకు కష్టంగా ఉందన్నా’ అన్నారు. ఆ మాట ఆయన అప్పటిదాకా బయట ఎవరితోనూ అనలేదు.

అన్న కాసేపు ఊరుకుని, ‘పార్టీలో ఉన్నంత మాత్రాన అన్నిటికీ మనం జవాబుదారీ కాదులే. మావాళ్లు చేసినవీ నాకు కొన్ని మింగుడుపడలేదు’ అన్నారు. భాయ్ అప్పుడు జూన్ నాటి పోస్టుల గురించి క్షమించమన్నారు. 2019లో మొదలుపెట్టింది తానేనని అన్న గుర్తుచేశారు. ఆ సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఆ చట్టంలోని కొన్ని నిబంధనలను తాత్కాలికంగా నిలిపివేసినప్పుడు, ఆ వార్తను భాయ్‌కు మొదట చెప్పింది అన్నే.

ఇద్దరూ పార్టీలు మార్చుకోలేదు. ఒకరు ఇప్పటికీ తెలుగుదేశమే, రెండోవారు ఇప్పటికీ వైసీపీయే. వచ్చే ఎన్నికల్లో ఇద్దరి ఓట్లూ ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయని వారే నవ్వుకుంటారు. 2025 జూన్ 7న బక్రీద్ నాడు మాత్రం భాయ్ భార్య ఏమీ అడగకుండానే క్యారేజీ తీసి కడిగారు.

చివరగా ఒక మాట

ఎన్నికలు అయిదేళ్లకోసారి వస్తాయి. ఆస్పత్రికి పరిగెత్తాల్సిన రాత్రి, పిల్ల పెళ్లి, పెద్దల జనాజా, ఇవి చెప్పి రావు. అప్పుడు ముందుగా వచ్చి నిలబడేది పార్టీ కార్యాలయం వారు కాదు, పక్క టేబుల్ వారు. మన సంస్థకు అందే చందాల్లోనూ ఆఫీసుల్లో చేతులు మారి వచ్చేవి ఎన్నో ఉన్నాయి. ‘భాయ్ చెప్పాడు కాబట్టి ఇస్తున్నా’ అని ఇచ్చే ముస్లిమేతర మిత్రులూ ఉన్నారు. ఆ నమ్మకం ఏ ఫలితాల రోజు వేళాకోళానికీ బలి కాకూడదు.

ఈ సంచిక చదివే దాతల్లో ఎవరికైనా ఇలా మాట తెగిన మిత్రులుంటే, వారి దగ్గరకు వాదనతో కాక ఒక ప్రశ్నతో వెళ్లండి. ‘మీకు అలా ఎందుకనిపించింది అన్నా, నాకు చెప్పండి’ అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినండి. ఇన్షా అల్లాహ్, వచ్చే పండుగకు మీ ఇంటి క్యారేజీ కూడా చేరాల్సిన ఇంటికి చేరుతుంది.